పిలిస్తే పలికే మనిషి



ఈ పేజీలో నేను ఎప్పుడూ బి.పి. గురించో, షుగర్ గురించో, బాలింతల ఆహారం గురించో రాస్తుంటాను. ఈసారి ప్రేమ గురించి రాస్తున్నాను. "మేట్రన్ అమ్మగారికి ఈ వయసులో ఇదేమి గోల" అని నవ్వుకోకండి. చివరి వరకు చదివితే ఇది కూడా ఆరోగ్యం సంగతేనని మీకే తెలుస్తుంది.

కొద్ది నెలల క్రితం మన సంఘానికి చెందిన ఒక అమ్మాయి నా ఆఫీసుకు వచ్చింది. ఎం.ఎస్సీ. సైకాలజీ చదువుతోంది. చదువు ముగిసేలోగా ఒక పరిశోధన చేసి కాలేజీకి సమర్పించాలట. "ఆంటీ, భార్యాభర్తల మధ్య, ప్రేమికుల మధ్య ఉండే అనుబంధం మీద చేద్దామనుకుంటున్నాను. మన ఆసుపత్రిలో ఉన్న దంపతులను ప్రశ్నలు అడగనిస్తారా?" అంది. పక్కన రిజిస్టరు రాస్తున్న మా సిస్టర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నాకూ ఆ మాట అంతగా నచ్చలేదు. నొప్పితో మంచం మీద ఉన్నవాళ్ళను పట్టుకొని మీ ప్రేమ ఎలా ఉంది అని అడగడం ఏమిటి అనిపించింది.

ఆమె కొన్ని కాగితాలు ఇచ్చింది. 36 ప్రశ్నలున్నాయి. ఇది 1998లో అమెరికాలో తయారైన ప్రశ్నావళి అని, అందులో సగం ప్రశ్నలు "నన్ను వదిలేస్తారేమో" అనే భయాన్ని, మిగతా సగం "ఎవరినీ దగ్గరకు రానివ్వను" అనే గుణాన్ని కొలుస్తాయని చెప్పింది. తానే తెలుగులోకి మార్చి, ముందుగా వాళ్ళ వీధిలోని ఒక పెద్దాయనకు చదివి వినిపించిందట. పెళ్ళయి 40 ఏళ్ళు దాటిన మనిషి. "మీ భాగస్వామి మీకు దూరంగా ఉంటే..." అని మొదలుపెట్టగానే ఆయన ఆపి, "భాగస్వామి అంటే ఏ వ్యాపారంలోనమ్మా?" అన్నాడట. ఇద్దరం నవ్వుకున్నాం.

"అటాచ్‌మెంట్ అనే మాటకు తెలుగు పుస్తకాల్లో అనుబంధం అని రాస్తారు ఆంటీ. కానీ ఆ మాట ఎవరికీ సరిగ్గా ఎక్కడం లేదు" అంది. నేను బైబిలు తీసి రెండు చోట్లు చూపించాను. ఆదికాండము 2వ అధ్యాయములో పురుషుడు తన భార్యతో ఉండవలసిన తీరును చెప్పేచోట, రూతు గ్రంథము మొదటి అధ్యాయములో కోడలు అత్తను విడువని చోట, మన తెలుగు బైబిలులో ఉన్నది ఒకే మాట, హత్తుకొనుట. ఆ అమ్మాయి వెంటనే దానిని కాగితం మీద రాసుకుంది.

ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల

ఆ తరువాత ఆమె చెప్పినదీ, ఇచ్చిన పుస్తకాల్లో నేను చదివినదీ క్లుప్తంగా రాస్తాను.

ఈ చదువు దంపతులతో మొదలు కాలేదు. లండన్‌లో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు, తల్లికి దూరమైన పిల్లలు ఏమవుతారు అని ఆలోచించాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం దీని మీద ఒక నివేదిక రాశాడు. అన్నం పెట్టి, బట్ట కట్టిస్తే పిల్లవాడికి చాలదని, తన ఏడుపుకు పలికే ఒక మనిషి ఉండాలని ఆయన చెప్పాడు.

ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. రెండున్నరేళ్ళు కూడా నిండని ఒక పాప బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం 8 రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ తల్లిని పిల్ల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. అలా విడిపోయిన పిల్లల్లో మూడు దశలు కనిపిస్తాయని రాబర్ట్‌సన్ చెప్పాడు. మొదట పిల్ల ఏడ్చి గోల చేస్తుంది. తరువాత ఆశ వదులుకొని నీరసంగా ఊరుకుంటుంది. ఇంకా ఎక్కువ కాలమైతే, తల్లి వచ్చినా తనకు పట్టనట్లు ముఖం తిప్పుకుంటుంది. రెండవ దశను చూసి నర్సులు "పిల్ల అలవాటు పడింది" అనుకుంటారని, అది పొరపాటని ఆయన హెచ్చరించాడు. అనేక వాదనల తరువాత 1959లో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన కమిటీ, తల్లిదండ్రులు పిల్లల వార్డుకు ఎప్పుడైనా రావచ్చునని, చిన్న పిల్లల దగ్గర తల్లి ఉండే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

సుమారు 30 ఏళ్ళ క్రితం నేను వేరే ఊరిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వేడి గంజి మీద పడి ఒళ్ళు కాలిన ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. రెండున్నర ఏళ్ళు ఉంటాయి. ఇన్‌ఫెక్షన్ భయంతో తల్లిని లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. ఆమె బయట కిటికీ దగ్గర నిలబడేది. కిటికీ కనిపిస్తే పిల్లవాడు ఎక్కువ ఏడుస్తున్నాడని తెర వేసింది నేనే. రెండు రోజులు గొంతు పోయేలా ఏడ్చాడు. నాలుగో రోజుకు ఊరుకున్నాడు. స్పూనుతో పెడితే తినేవాడు. డ్రెస్సింగ్ చేసినా పెద్దగా అరిచేవాడు కాదు. ఆ రోజు రిపోర్టు బుక్కులో "పిల్లవాడు కుదుటపడ్డాడు" అని నా చేత్తో రాశాను.

డిశ్చార్జి రోజున తల్లి చేతులు చాపితే వాడు గోడ వైపు తిరిగాడు. ఆమె "అలిగాడమ్మా" అని నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పుండు మానింది కదా అని నేను సంతోషించాను. వాడు ఎందుకు గోడ వైపు తిరిగాడో ఈ వయసులో, ఒక విద్యార్థిని ఇచ్చిన పుస్తకం వలన నాకు తెలిసింది.

గదిలో ఇరవై నిమిషాలు

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా కొంతకాలం బౌల్బీ దగ్గర పనిచేసింది. 1954లో ఆమె ఆఫ్రికాలోని ఉగాండాకు వెళ్ళి, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్ళకు తిరిగి పసిపిల్లలను తల్లులతో ఉండగా గమనించింది. తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్ష తయారు చేసింది. ఏడాది వయసు పిల్లను, తల్లిని బొమ్మలున్న ఒక గదిలో కూర్చోబెడతారు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి కొద్దిసేపు బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. అంతా కలిపి సుమారు 20 నిమిషాలు.

తల్లి వెళ్ళినప్పుడు పిల్ల ఎంత ఏడ్చింది అన్నదానికంటే, తిరిగి వచ్చినప్పుడు ఏం చేసింది అన్నదే ముఖ్యమని ఆమె గ్రహించింది. ఎక్కువమంది పిల్లలు తల్లి దగ్గరకు వెళ్ళి, ఎత్తుకుంటే ఊరట చెంది, మళ్ళీ ఆటలో పడ్డారు. కొందరు తల్లిని అంటిపెట్టుకుంటూనే ఆమెను తన్నారు, ఎంతసేపటికీ ఊరుకోలేదు. మరికొందరు తల్లి వచ్చినా రానట్లే బొమ్మలతో ఆడుకున్నారు. ఈ చివరి పిల్లలు ధైర్యవంతులని మనం అనుకుంటాం. కానీ తరువాతి పరిశోధకులు గుండె వేగాన్ని కొలిస్తే, ఈ పిల్లలు కూడా లోలోపల కలవరపడుతున్నారని తేలింది. పైకి కనబడనీయరు, అంతే.

పెద్దవాళ్ళలో కూడా ఇదేనా?

1980లలో అమెరికాలోని డెన్వర్ నగరంలో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు ఇదే ప్రశ్న వేసుకున్నారు. పసివాడు తల్లిని హత్తుకున్నట్లే పెద్దయ్యాక మనిషి తన జతను హత్తుకుంటాడా? వాళ్ళు స్థానిక దినపత్రికలో కొన్ని ప్రశ్నలు అచ్చు వేయించి, పాఠకులను జవాబులు పంపమన్నారు. 620 మంది జవాబులను లెక్కవేసి 1987లో ఫలితాలు ప్రచురించారు.

ఎదుటివాళ్ళకు దగ్గరవడం, వాళ్ళ మీద ఆధారపడడం తమకు కష్టం కాదన్నవారు 56 శాతం. ఎవరైనా మరీ దగ్గరకు వస్తే తమకు ఇబ్బందిగా ఉంటుందన్నవారు 25 శాతం. తాము కోరినంత ప్రేమ ఎదుటివారు ఇవ్వరని, వదిలేసి పోతారేమోనని దిగులుపడేవారు 19 శాతం. ఇది పత్రిక చదివి తమంతట తాము రాసినవారి లెక్క మాత్రమే, లోకమంతటి లెక్క కాదు. అయినా పసిపిల్లల్లో కనబడిన మూడు తీరులే పెద్దవాళ్ళలోనూ కనబడటం చూసి చాలామంది ఈ దారిలో పరిశోధనలు మొదలుపెట్టారు.

మన వార్డులో నేను చూసినది

మా ఆడవాళ్ళ వార్డులో గర్భసంచి ఆపరేషన్ అయిన ఒక అమ్మ ఉండేది. భర్త మందులు తెచ్చేవాడు, బిల్లు కట్టేవాడు, రోజంతా బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. మంచం దగ్గరకు మాత్రం వచ్చేవాడు కాదు. "ఆయనకి నేనంటే పట్టదు సిస్టర్" అని ఆమె ఏడ్చేది, పదే పదే కబురు పంపేది. కబురు వెళ్ళిన కొద్దీ ఆయన ఇంకా దూరంగా పోయి టీ కొట్టు దగ్గర నిలబడేవాడు.

నేనే వెళ్ళి అడిగాను. "ఆ గొట్టాలు చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయండి. ఏం మాట్లాడాలో తెలీదు" అన్నాడు. "ఏమీ మాట్లాడొద్దు బాబూ, చెయ్యి పట్టుకొని కూర్చో" అన్నాను. "అందరూ చూస్తారండి" అన్నాడు. స్టూలు వేసి, మంచం చుట్టూ తెర లాగాను. అరగంట తరువాత చూస్తే ఆమె నిద్రపోతోంది. ఆయన చెయ్యి తీయలేక అలాగే కూర్చొని ఉన్నాడు.

భయంతో పిలిచే మనిషికీ, భయంతో పారిపోయే మనిషికీ ముడిపడితే ఇలాగే జరుగుతుంది. ఒకరు పిలిచిన కొద్దీ రెండవవారు వెనక్కి జరుగుతారు. వెనక్కి జరిగిన కొద్దీ మొదటివారు ఇంకా గట్టిగా పిలుస్తారు. ఇద్దరిలోనూ ప్రేమ లేక కాదు.

చెయ్యి పట్టుకోవడం గురించి కూడా ఒక పరిశోధన ఉంది. 2006లో జేమ్స్ కోన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 16 మంది వివాహిత స్త్రీలను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలవచ్చని ముందుగా చెప్పి, మెదడును గమనించారు. ఎవరి చెయ్యీ లేనప్పటికంటే భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు భయానికి మెదడు స్పందించే తీరు తగ్గింది. ముక్కు మొహం తెలియనివారి చెయ్యి కూడా కొంత సాయపడింది గానీ, భర్త చెయ్యి అంత కాదు. కాపురం సంతోషంగా ఉన్నవారిలో ఈ ఊరట మరింత ఎక్కువగా కనిపించింది. ప్రేమ ఆరోగ్యం సంగతి అని నేను మొదట రాసింది ఇందుకే.

ఆ అమ్మాయి మనసులోని ప్రశ్న

ఇక్కడి నుండి రాసేది ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. ఇలాంటి కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి గనుక రాయమని ఆమే చెప్పింది.

"ఇన్ని సంగతులుండగా నీకు దీని మీదే ఎందుకమ్మా ఇంత పట్టుదల?" అని ఒక సాయంత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. తనకు మూడేళ్ళప్పుడు అమ్మ ఇంటిపని కోసం కువైట్ వెళ్ళింది. అప్పులు తీరాలి, ఇంటి మీద స్లాబు పడాలి. ఈమె అమ్మమ్మ దగ్గర పెరిగింది. అమ్మ అక్కడి నుండి గౌన్లు పంపేది. అవి ఎప్పుడూ బిగుతే. బిడ్డను వదిలి వెళ్ళిన నాటి కొలతే ఆ తల్లి కళ్ళలో ఉండిపోయింది. రెండేళ్ళకు అమ్మ వస్తే, ఈమె వెళ్ళి అమ్మమ్మ చీర వెనుక దాక్కుందట. "ఇప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు ఆంటీ. అబ్బాయి మంచివాడే. కానీ ఎవరైనా ప్రేమగా మాట్లాడితే నాకు పారిపోవాలనిపిస్తుంది. అమ్మను హత్తుకోలేనిదాన్ని, భర్తను ఏం హత్తుకుంటాను? నేను ఇంతేనా? అది తెలుసుకోవాలనే ఈ పరిశోధన" అంది.

నాకు గోడ వైపు తిరిగిన ఆ పిల్లవాడు గుర్తుకొచ్చాడు.

నేను డిప్లొమా చదివిన నర్సును, సైకాలజీ నాకు రాదు. కానీ ఆమె ఇచ్చిన పుస్తకాల్లోనే జవాబు ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1975లో మొదలైన ఒక అధ్యయనంలో, పేద తల్లుల పిల్లలను పుట్టక ముందు నుండి పెద్దవారయ్యే వరకు గమనిస్తూ వచ్చారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పసితనంలోని అనుబంధం నుండి యౌవనంలోని ప్రేమకు సూటిగా ఒకే దారి లేదు. మధ్యలో బడిలో తోటిపిల్లలతో కలిసిన తీరు, 16 ఏళ్ళప్పటి స్నేహం ఉన్నాయి. గొలుసులో ఎన్నో లంకెలు ఉన్నాయన్నమాట. ఒక లంకె బలహీనమైతే మరొక లంకె దగ్గర బలం చేకూరవచ్చు. బాల్యంలో కష్టపడినా, తరువాత దొరికిన మంచి స్నేహం వలన, మంచి భర్త లేక భార్య వలన, కౌన్సెలింగ్ వలన నెమ్మది సంపాదించుకున్నవారు ఎందరో ఉన్నారని కూడా పరిశోధకులు చెబుతున్నారు.

"నీకు రాత్రి భయం వేస్తే ఎవరిని పిలిచేదానివి?" అని అడిగాను. "అమ్మమ్మని" అంది. "పలికేదా?" "ప్రతిసారీ." "మరి నీకు హత్తుకోవడం రాదని ఎవరన్నారమ్మా?" అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

తల్లి మీద కూడా తప్పు మోపవద్దని చెప్పాను. హన్నా తన బిడ్డ సమూయేలును మందిరములో విడిచి, ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్ళినది. కువైట్ నుండి వచ్చిన ఆ బిగుతు గౌను కూడా అలాంటి అంగీయే. ఇప్పుడు ఆ తల్లి ఇంటికి తిరిగి వచ్చి నాలుగేళ్ళయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో అతిథుల్లా మసలుతున్నారట. "ఆ రెండేళ్ళ సంగతి ఒక్కసారి అమ్మను అడుగు" అన్నాను. వారం తరువాత వచ్చి చెప్పింది. తాను దాక్కున్న ఆ రోజును అమ్మ కూడా మరచిపోలేదట. ఆ రాత్రి పెరట్లో కూర్చొని ఏడ్చిందట. ఇన్నేళ్ళలో ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

చివరకు ఏం నిర్ణయించాము

డాక్టరుగారితో, పాస్టరుగారితో మాట్లాడి, మంచం మీద ఉన్న రోగులను ఈ ప్రశ్నలు అడగరాదని నిర్ణయించాము. నొప్పిలో ఉన్నవారు కాదనలేక ఒప్పుకుంటారు, అది నిజమైన ఒప్పుకోలు కాదు. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిన తరువాత, పెళ్ళయి ఏడాది దాటిన దంపతుల్లో ఇష్టమైనవారు పేరు లేని కాగితం మీద రాసి, కవరు అంటించి పెట్టెలో వేయవచ్చు. భార్య రాసినది భర్తకు గాని, భర్త రాసినది భార్యకు గాని చూపరు. భాగస్వామి అనే మాట తీసేసి "మీ ఆయన", "మీ ఆవిడ" అని మార్చింది.

నేను కూడా ఒక పని చేశాను. మన పిల్లల వార్డు డ్రెస్సింగ్ రూములోకి తల్లిని గాని, పిల్లకు బాగా అలవాటైన మరొకరిని గాని, చేతులు కడిగించి, మాస్కు, గౌను వేయించి లోపలే ఉంచాలని మా సిస్టర్లకు చెప్పాను. పిల్ల ఏడవకపోతే "కుదుటపడింది" అని రాయవద్దని, దగ్గర కూర్చొని చూసి రాయమని కూడా చెప్పాను.

ఇంటిలో గుర్తుంచుకోవలసినవి

1. పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకుంటే చెడిపోతుందన్నది పొరపాటు. మొదటి ఏడాదిలో ఏడుపే దాని మాట. పలకండి.

2. చిన్న పిల్లను వదిలి వెళ్ళవలసి వస్తే కన్నుగప్పి పారిపోకండి. చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకు రండి. పెంచే మనిషిని మాటిమాటికి మార్చకండి.

3. దూరదేశం నుండి తిరిగి వచ్చినప్పుడు పిల్ల ముఖం తిప్పుకుంటే కోప్పడకండి, బలవంతంగా లాక్కోకండి. పక్కన కూర్చోండి. వారాలు పట్టినా సరే.

4. భార్య గాని భర్త గాని పదే పదే పిలుస్తుంటే "సతాయింపు" అనుకోకముందు, దేనికి భయపడుతున్నారో అడగండి. మౌనంగా ఉంటే "మొండి మనిషి" అనుకోకముందు, కాస్త సమయం ఇచ్చి తిరిగి అడగండి.

5. ఈ మూడు తీరులు జాతకం కాదు. "నువ్వు ఫలానా రకం" అని ఒకరికొకరు ముద్ర వేసుకోకండి.

6. కొట్టడం, అనుమానించి ఇంట్లో బంధించడం, ఫోను లాక్కోవడం ప్రేమ ఎక్కువై చేసే పనులు కావు. అది హింస. ఓర్చుకోవడమే భక్తి అని ఎవరైనా చెప్పినా వినకండి. 2005లో వచ్చిన గృహహింస చట్టం స్త్రీలకు రక్షణ ఇస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి. మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

గంజి పడి కాలిన ఆ పిల్లవాడికి ఇప్పుడు 30 దాటి ఉంటాయి. పెళ్ళయి పిల్లలు కూడా ఉండవచ్చు. ఎక్కడ ఉన్నా, అతడు పిలిచినప్పుడు పలికే మనిషి ఒకరు ఉండాలని, తన పిల్ల పిలిస్తే అతడు పలకాలని ఈ మధ్య రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఆ పేరు లేని ప్రార్థనలో మీరు కూడా ఏకీభవించండి.

దేవుడు మన కుటుంబములన్నిటిని దీవించును గాక. ఆమెన్.

— నర్సింగ్ సూపరింటెండెంట్